ట్యూబ్ ప్రీయాంప్ కొనే ముందు, కొన్న తర్వాత: సమస్యలు - పరిష్కారాలు

స్టీరియోలో పాట పొడిగా, గరుకుగా వినిపిస్తోందని చాలామంది ట్యూబ్ ప్రీయాంప్ కోసం చూస్తారు. సీడీ ప్లేయర్ లాంటి పరికరానికీ, స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కీ మధ్య ఉంటూ గాజు ట్యూబులతో సిగ్నల్‌ని పెంచే పెట్టె ఇది. మంచి ఆలోచనే. సిస్టమ్‌కి సరిగ్గా కుదిరితే గాత్రానికి, వయొలిన్‌కి నిండుదనం వస్తుంది, గంటల తరబడి విన్నా చెవి అలసిపోదు. అయితే అది ఏ లోపాన్ని సరిచేస్తుంది, దేన్ని చేయలేదు అన్నది ముందే తేల్చుకోవాలి. చెవికి వినిపించే లక్షణం నుంచే మొదలుపెడదాం.

"స", "ష" అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి

ముందు గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు వెనకే సన్నటి గింగురు వినిపిస్తే తప్పు గదిది. టైల్స్ నేల, ఖాళీ గోడలు, పెద్ద అద్దాల కిటికీలు ఉన్న హాల్లో ఏ యాంప్ పెట్టినా ఇదే గోల. స్పీకర్లకీ మీకూ మధ్య మందపాటి కార్పెట్, కిటికీకి బరువైన కర్టెన్, పక్క గోడకి పుస్తకాల అల్మరా పెట్టి చూడండి. స్పీకర్లు నేరుగా చెవి వైపు చూస్తుంటే కొద్దిగా పక్కకి తిప్పండి. వీటికయ్యే ఖర్చు ప్రీయాంప్ ధరతో పోలిస్తే చాలా తక్కువ.

ఇవన్నీ చేశాక కూడా గొంతు పలచగానే ఉంటే అప్పుడు ట్యూబ్ మాట ఆలోచించండి. ట్రయోడ్ ట్యూబ్ సిగ్నల్‌కి కలిపేది ఎక్కువగా రెండో హార్మోనిక్, అంటే అసలు స్వరానికి రెట్టింపు పౌనఃపున్యం ఉన్న స్వరం. షడ్జానికి తారషడ్జం కొద్దిగా తోడైనట్టన్నమాట. అది అసలు స్వరంతో కలిసిపోతుంది కాబట్టి చెవికి నిండుగా తోస్తుంది. రికార్డింగ్‌లోనే ఉన్న గరుకుని మాత్రం ట్యూబ్ తీసేయలేదు.

కొన్నాను, కానీ తేడా తెలియడం లేదు

కొన్ని చవక మోడళ్లలో ట్యూబ్ పైకి కనిపిస్తుంది కానీ పనంతా ఐసీ చిప్‌దే. కొన్నింటిలో ట్యూబ్ కింద నారింజ రంగు ఎల్ఈడీ కూడా పెడతారు. 12ఏఎక్స్7 లాంటి ట్యూబ్ డేటా షీట్ చూస్తే 100 నుంచి 250 వోల్టుల ప్లేట్ వోల్టేజి (ట్యూబ్ లోపలి ప్లేట్‌కి అందే వోల్టేజి) దగ్గర లెక్కలు ఇస్తారు. దాన్ని 20, 30 వోల్టులతో నడిపిస్తే అసలు స్వభావం బయటికి రాదు. అందుకే అమ్మేవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న ప్లేట్ వోల్టేజి ఎంత అని. అడాప్టర్ మీద 12 వోల్టులని ఉన్నంత మాత్రాన కొట్టిపారేయకండి, లోపల వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉండొచ్చు.

పోల్చేటప్పుడు ప్రీయాంప్ ఉన్నప్పుడూ, లేనప్పుడూ సౌండ్ సమానంగా ఉండాలి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టుకుని సరిచేసుకోండి.

వాల్యూమ్ కాస్త తిప్పగానే ఇల్లు అదిరిపోతోంది

నా లెక్కలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. సీడీ ప్లేయర్ గానీ డాక్ (డిజిటల్ పాటని ఆడియో సిగ్నల్‌గా మార్చే పెట్టె) గానీ దాదాపు 2 వోల్టులు ఇస్తుంది. చాలా పవర్ యాంప్‌లు 1 నుంచి 2 వోల్టులకే పూర్తి శక్తికి చేరతాయి. మధ్యలో సిగ్నల్‌ని పది రెట్లు చేసే ప్రీయాంప్ పెడితే ఆ పెంచినదంతా మళ్లీ వాల్యూమ్ నాబ్‌తోనే తగ్గించుకోవాలి. నాబ్ ఎప్పుడూ అడుగునే ఉంటుంది. అక్కడ కుడి, ఎడమ చానెళ్లు సమానంగా ఉండవు, గొంతు ఒక పక్కకి లాగినట్టు వస్తుంది. దాంతోపాటు ట్యూబ్ హిస్ (సన్నటి 'స్స్' శబ్దం) స్పీకర్ దగ్గర చెవి పెట్టకుండానే వినిపిస్తుంది.

12ఏఎక్స్7 యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (ట్యూబ్ సిగ్నల్‌ని ఎంత పెంచగలదో చెప్పే అంకె) 100. 12ఏయూ7, 6ఎస్ఎన్7 ట్యూబులకి 20 చుట్టూ. ఇప్పటి సోర్స్‌లకి రెండో రకమే మేలు. రెండు, మూడు రెట్ల గెయిన్ (సిగ్నల్ పెంపు) సరిపోతుంది, సిగ్నల్‌ని పెంచకుండా అందించే బఫర్ అయినా చాలు. ఇప్పటికే కొనేసి ఉంటే పవర్ యాంప్ ముందు 10 డెసిబెల్స్ అటెన్యుయేటర్ (సిగ్నల్‌ని తగ్గించే చిన్న పరికరం) పెట్టండి. హిస్ కూడా దాంతోపాటే దిగుతుంది. 12ఏఎక్స్7 తీసి 12ఏయూ7 గుచ్చాలంటే ముందు తయారీదారుని అడగాలి. పిన్నులు ఒకటే అయినా అది లాగే కరెంటు ఎక్కువ.

వెచ్చదనం వచ్చింది, బేస్ పోయింది

మృదంగం ఎడమ వైపు మోత సన్నబడిందంటే ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే నిరోధం) కుదరలేదని అనుమానించాలి. ట్యూబ్ ప్రీయాంప్ చివర సాధారణంగా ఒక కెపాసిటర్ ఉంటుంది. అది 0.22 మైక్రోఫారడ్, పవర్ యాంప్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు అనుకోండి. 72 హెర్ట్జ్ దగ్గరికే 3 డెసిబెల్స్ పడిపోతుంది. అదే ఇన్‌పుట్ 47 కిలో ఓమ్‌లైతే ఆ హద్దు 15 హెర్ట్జ్‌కి దిగుతుంది, ఇక ఇబ్బంది లేదు.

పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ప్రీయాంప్ అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌కి కనీసం పది రెట్లు ఉండాలి. క్లాస్ డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) యాంప్ వాడేవాళ్లు ఈ అంకె తప్పకుండా చూడాలి. ఇన్‌పుట్ ఇంపీడెన్స్ తక్కువగా ఉంటే క్యాథోడ్ ఫాలోవర్ (అవుట్‌పుట్ ఇంపీడెన్స్‌ని తగ్గించే సర్క్యూట్) అవుట్‌పుట్ ఉన్న ప్రీయాంప్ ఎంచుకోండి.

హమ్, చిటపటలు, టింగుమనే మోత

ఒక్కో కేబుల్ తీస్తూ రండి. సెట్‌టాప్ బాక్స్ వైరు తీయగానే హమ్ (ఎడతెగని 'మ్' మోత) ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాల ఎర్త్‌ల మధ్య ఏర్పడిన చుట్టుదారి. త్రీపిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేయడం మాత్రం చేయకండి, లోపల 200 వోల్టులు దాటి ఉంటాయి. స్విచ్ ఆపాక కూడా కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది.

చిటపటలు ఒకే చానెల్‌లో వస్తుంటే, చానెల్‌కి ఒక ట్యూబ్ ఉన్న మోడల్‌లో స్విచ్ ఆపి, పూర్తిగా చల్లారాక రెండింటినీ అటూ ఇటూ మార్చండి. చప్పుడు కూడా పక్కకి మారిందంటే ట్యూబ్ పాడైంది. పెన్సిల్ చెక్క వైపుతో మెల్లిగా తట్టినప్పుడు స్పీకర్‌లో గంట మోగినట్టు గట్టిగా వినిపిస్తే అది మైక్రోఫోనిక్ ట్యూబ్, మార్చేయాలి. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లోనే వాల్వుల (ట్యూబులకి మరో పేరు) తయారీ మొదలుపెట్టింది. పాత రేడియో రిపేరు షాపుల్లో అలాంటి వాల్వులు దొరికితే టెస్టర్ మీద చూపించమని అడిగి తీసుకోండి. పెట్టె మీద ఈసీసీ83 అని ఉంటే అది 12ఏఎక్స్7, ఈసీసీ82 అంటే 12ఏయూ7.

అమెరికా నుంచి తెప్పించిన సెట్

అది 120 వోల్టులది. వెనక 230కి మార్చే స్విచ్ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు. మన దగ్గర రాత్రిళ్లు కరెంటు 250 దాకా పోతే, రెగ్యులేటర్ లేని సెట్‌లో ట్యూబ్‌ని వేడిచేసే 6.3 వోల్టుల హీటర్‌కి 6.8 పైన అందుతుంది, ట్యూబ్ ఆయుష్షు తగ్గుతుంది. స్టెబిలైజర్ పెట్టండి.

ఆన్ చేయగానే స్పీకర్‌లో ధడ్

ట్యూబులు వేడెక్కేటప్పుడు అవుట్‌పుట్ కుదురుగా ఉండదు. ప్రీయాంప్ ముందు ఆన్ చేసి ఒక నిమిషం ఆగి పవర్ యాంప్ వేయండి. ఆపేటప్పుడు ముందు పవర్ యాంప్, ఆ తర్వాత ప్రీయాంప్.