రిపోర్టులో ప్రోటీన్లు చదవడం – నాలుగో పాఠం: ఆల్బుమిన్ తగ్గితే ఎన్ని గుడ్లు తినాలి?

పోయిన పాఠం చివర్లో ఇంట్లో ఉన్న పాత ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పనితీరు పరీక్ష) రిపోర్టు ఒకటి బయటికి తీసి, టోటల్ ప్రోటీన్‌లోంచి ఆల్బుమిన్ (కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రోటీన్) తీసేసి గ్లోబ్యులిన్ (యాంటీబాడీలతో సహా మిగిలిన ప్రోటీన్లు) ఎంతో మీరే లెక్క కట్టమన్నాను. చాలామంది చేసి పంపారు, నాకు చాలా సంతోషమేసింది. కానీ జవాబులన్నీ చదివాక ఈసారి చెబుదామనుకున్న హిమోగ్లోబిన్‌ను వాయిదా వెయ్యాల్సి వచ్చింది, ఎందుకంటే ఈ చిక్కుముడి విప్పకుండా ముందుకెళ్తే అక్కడ కూడా ఇదే అడ్డొస్తుంది.

చిన్నవి ముందు. కొందరు హిమోగ్లోబిన్ 13ను కూడా టోటల్ ప్రోటీన్ లెక్కలోకి లాగారు. అది ప్రోటీనే, కాకపోతే ఎర్ర రక్తకణాల లోపల ఉంటుంది. ఎల్‌ఎఫ్‌టీ చేసేది రక్తం గడ్డకట్టి, కణాలన్నీ అడుగుకు పోయాక పైన మిగిలే సీరంతో. రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్ ఫైబ్రినోజెన్ కూడా ఆ గడ్డలోనే ఖర్చయిపోతుంది కాబట్టి దాన్నీ ఇక్కడ వెతకొద్దు. బ్రిటన్, ఆస్ట్రేలియాల నుంచి రాసినవాళ్లు "మా ఆల్బుమిన్ 41, ప్రమాదమా?" అని టెన్షన్ పడ్డారు. అక్కడి ల్యాబులు లీటరుకు ఎన్ని గ్రాములో చెబుతాయి, మన దగ్గరా అమెరికాలోనూ డెసిలీటరుకు చెబుతారు. 10తో భాగించండి, 4.1, నిక్షేపంగా ఉన్నారు. క్రియాటినిన్ ప్రోటీన్ కాదు, కండరాల్లోని క్రియాటిన్ నుంచి వచ్చే వ్యర్థం. ఇక్కడితో చిన్నవి అయిపోయాయి.

ఇప్పుడు అసలు సంగతి. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన ప్రశ్న: "నాన్నగారికి ఆల్బుమిన్ 3.1 వచ్చింది, రోజుకు ఎన్ని గుడ్లు పెట్టమంటారు?" గుడ్ల బదులు ప్రోటీన్ పౌడర్ పేరు రాసినవాళ్లూ ఉన్నారు. ఈ ఆలోచన నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే ఆల్బుమిన్ ఒంట్లో ఏదో తేడా ఉందని చెబుతుంటే మనం వంటింట్లోకి పరిగెత్తి అసలు జబ్బుకు ఇంకో మూడు నెలలు గడువిస్తున్నాం.

నిదానంగా చూద్దాం. మీరు తిన్న ప్రోటీన్ ఏదైనా పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుందని రెండో పాఠంలో చెప్పుకున్నాం. తెల్లసొనలో ఉండే ఓవాల్బుమిన్ కూడా అంతే, పైగా అది మన రక్తంలోని ఆల్బుమిన్‌తో సంబంధం లేని వేరే ప్రోటీన్. మన ఆల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయం ఒక్కటే, రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాములు. తయారైన అణువుల్లో సగం అరిగిపోవడానికి దాదాపు 20 రోజులు పడుతుంది. అంటే ఈ వారం తిండి తగ్గించినా పెంచినా వచ్చే వారం రిపోర్టులో ఆ తేడా వెతకడం దండగ.

అది చేసే పని కూడా గుర్తుపెట్టుకోండి. రక్తంలోని నీటిని నాళాల లోపలే పట్టి ఉంచే ఒత్తిడిలో దాదాపు ముప్పావు వంతు ఆల్బుమిన్‌దే. అది బాగా పడిపోతే నీరు కణజాలంలోకి జారుతుంది. మోకాలి కింద ముందెముక మీద బొటనవేలితో పది సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. గుంట పడి, వేలు తీశాక కూడా అలాగే నిలబడిపోతే నీరు చేరిందన్నమాట. దీనికి గుండె జబ్బు, కొన్ని బీపీ మందులు లాంటి వేరే కారణాలూ ఉంటాయి కాబట్టి గుంట చూసి ఆల్బుమిన్ అని తీర్మానించకండి. ఇంకో పని మోత: బిలిరుబిన్, కొవ్వు ఆమ్లాలు, కాల్షియం, అలాగే ఫెనిటోయిన్ (మూర్ఛకు), వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా) లాంటి మందులు ఆల్బుమిన్‌ను పట్టుకునే తిరుగుతాయి.

మరి ఎందుకు తగ్గుతుంది? నా పద్ధతి ఇది: ముందు యూరిన్ రిపోర్టు, తర్వాత గ్లోబ్యులిన్, తర్వాత సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ లాంటివి ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్), కంచం సంగతి ఆఖరున.

ఆల్బుమిన్ 2.1, యూరిన్‌లో ప్రోటీన్ మూడు ప్లస్‌లు, పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు, యూరిన్‌లో నురగ. ఇది కిడ్నీ వడపోత దెబ్బతిని కారిపోవడం. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో రోజుకు 3.5 గ్రాములకు మించి పోతుంది. ఇక్కడ ప్రోటీన్ ఎక్కువ పెడితే కారడమే పెరుగుతుంది, రక్తంలో నిలవదు. గుడ్లు పెట్టాలనుకున్న ఆ నాన్నగారి సమస్య ఇదే అయితే ఏమవుతుందో ఆలోచించండి.

యూరిన్ శుభ్రం, ఆల్బుమిన్ 2.6, గ్లోబ్యులిన్ 4.4, పొట్టలో నీరు. అనుమానం కాలేయం మీదికి వెళ్లాలి. సిర్రోసిస్‌లో, అంటే కాలేయం మచ్చలు పడి గట్టిపడినప్పుడు, ఆల్బుమిన్ తయారీ మందగిస్తుంది, యాంటీబాడీలు పెరిగి గ్లోబ్యులిన్ ఎక్కుతుంది. ఇక్కడ మాత్రం మంచి తిండి చికిత్సలో భాగమే, పూర్వంలా ప్రోటీన్ కోసెయ్యడం లేదు. అయినా ఎంత తినాలో చూసే డాక్టరే చెప్పాలి.

నిమోనియాతో ఆసుపత్రిలో చేరిన మనిషి, సీఆర్‌పీ 110, ఆల్బుమిన్ నాలుగు రోజుల్లో 4.0 నుంచి 3.0. సగం అరగడానికే 20 రోజులు పట్టేది నాలుగు రోజుల్లో ఇంత ఎలా పడింది? అరిగిపోలేదు. ఇన్ఫెక్షన్‌లో రక్తనాళాల గోడలు సడలి ఆల్బుమిన్ బయటికి జారింది, సెలైన్ ఎక్కితే రక్తం పలచబడింది, కాలేయం కూడా కొన్నాళ్లు దాని తయారీ తగ్గించి సీఆర్‌పీ లాంటి అత్యవసర ప్రోటీన్ల మీద పడింది. జ్వరం తగ్గాక అదే లేస్తుంది. గర్భిణుల్లో కూడా రక్తం పలచబడి కొంచెం తగ్గుతుంది, దానికి భయపడకండి.

"మరి తిండి లేకపోతే తగ్గదా?" అని తప్పకుండా అడుగుతారు. అనొరెక్సియా నెర్వోసాతో (లావవుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) ఎముకల గూడులా మారిన అమ్మాయిల్లో ఆల్బుమిన్ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. పోషకాహార లోపంలో ఒక రకమైన క్వాషియార్కర్ ఉన్న పిల్లల్లో, కాళ్లు ముఖం ఉబ్బి, పడిపోతుంది. ఇంకో రకమైన మరాస్మస్‌తో ఎండిపోయిన పిల్లల్లో అంతగా పడదు. క్వాషియార్కర్ ప్రోటీన్ కొరత, మరాస్మస్ కేలరీల కొరత అని లోకమంతా నమ్ముతున్న రోజుల్లో, 1960లలో, మన హైదరాబాద్ తార్నాకలో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అని పిలుస్తున్న పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ ఈ పిల్లల తిండిని పోల్చి చూసి, రెండు రకాల పిల్లలు తినేదాంట్లో అలాంటి తేడా కనిపించడం లేదనీ, ఒకే కొరతను ఒళ్లు తట్టుకునే తీరులో తేడా ఉందనీ వాదించారు. నాకు ఈ ఒక్క ఉదాహరణే చాలు. తిండి లెక్క వేరు, ఆల్బుమిన్ లెక్క వేరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ రోజూ కావాలని 2020లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అదే పోషకాహార సంస్థ కలిసి చెప్పాయి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. అది తప్పకుండా తినండి, ఆల్బుమిన్ 4.5 ఉన్నా తినండి.

ఏ/జీ రేషియో (ఆల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే వచ్చేది) గురించి కూడా అడిగారు. నేను దాన్ని పెద్దగా పట్టించుకోను. ఆల్బుమిన్ 2.6, గ్లోబ్యులిన్ 3.7 అయితే రేషియో 0.7. ఆల్బుమిన్ 4.2, గ్లోబ్యులిన్ 6.0 అయినా 0.7. మొదటాయనకు ఆల్బుమిన్ ఎక్కడ పోతోందో వెతకాలి. రెండో ఆయనకు నడుం నొప్పి, రక్తహీనత కూడా ఉంటే మైలోమా (ఎముక మజ్జలో వచ్చే ఒక క్యాన్సర్) ఉందేమోనని సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష) రాయించుకోవాలి. రెండు అంకెలూ విడివిడిగా చూస్తేనే ఇది తెలుస్తుంది.

ఇంకో అడ్డదారి కాల్షియానికి. రక్తంలో కాల్షియం సుమారు 40 శాతం ప్రోటీన్లను పట్టుకుని ఉంటుంది, అందుకే ఆల్బుమిన్ తగ్గితే కాల్షియం కూడా తగ్గినట్టు కనబడుతుంది. 4లోంచి ఆల్బుమిన్ తీసి, 0.8తో గుణించి, కాల్షియానికి కలపండి. కాల్షియం 7.8, ఆల్బుమిన్ 2.5 అయితే 9.0 వస్తుంది, మాత్రల కోసం కంగారు పడక్కర్లేదు. ఐసీయూ రోగుల్లో మాత్రం ఈ సూత్రాన్ని నమ్మకుండా అయొనైజ్డ్ కాల్షియం (ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా ఉండేది) నేరుగా కొలిపించాలి.

అభ్యాసం కష్టంగానే ఇస్తున్నాను. పాతికేళ్ల మనిషి: టోటల్ ప్రోటీన్ 4.8, ఆల్బుమిన్ 2.0, కాల్షియం 7.6, యూరిన్ ప్రోటీన్ మూడు ప్లస్‌లు, సీఆర్‌పీ మామూలే, కొలెస్ట్రాల్ 340. గ్లోబ్యులిన్, సరిచేసిన కాల్షియం లెక్క కట్టండి. ఆల్బుమిన్ ఎక్కడికి పోయిందో, వేరే రెండు కారణాలను ఏ అంకె చూసి పక్కన పెట్టారో రాయండి. కొలెస్ట్రాల్ ఎందుకు ఎక్కిందో ఈ పాఠంలో చెప్పలేదు. ఆల్బుమిన్ పోతున్నప్పుడు కాలేయం ఏం చేస్తుందో ఆలోచిస్తే దొరుకుతుంది. ఆ ఒక్క జవాబు రాసినవాళ్లవి ముందు చదువుతాను. గుడ్ల లెక్క మాత్రం పంపకండి.