ఇంటి నుంచి పనికి చోటు: ముందు ఎండ, తర్వాత కరెంటు, ఆ తర్వాతే కుర్చీ

చాలామంది ముందు కుర్చీ కొని, ఆనక దాన్ని ఏ గదిలో వేయాలా అని చూస్తారు. బెజవాడలోనో గుంటూరులోనో ఉంటే ఈ వరస తిరగెయ్యాలి. ఇక్కడ పనిని చెడగొట్టేది మొదట ఎండ, తర్వాత కరెంటు. నడుం నొప్పి మూడోది.

గదిని పొద్దున చూసి ఖాయం చేయకండి. మధ్యాహ్నం మూడింటికోసారి, రాత్రి ఎనిమిదింటికోసారి గోడల మీద అరచెయ్యి ఆనించి చూడండి. పడమటి గోడ సాయంత్రం దాకా ఎండ తాగి, ఆ వేడిని రాత్రి పొద్దుపోయేదాకా లోపలికి వదులుతూనే ఉంటుంది. ఎండ పోయిందిగా అనుకుని ఆ గదిలో రాత్రి షిఫ్టుకి కూర్చున్నవాళ్లు ఉడికిపోయేది అందుకే. పై అంతస్తయితే గోడకంటే స్లాబు ఎక్కువ కాలుతుంది. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు ఫిబ్రవరిలోనే వేయించండి, మేలో అంత ఎండలో మనిషి దొరకడం కష్టం. ఉత్తరం కిటికీ ఉన్న గది దొరికితే ఇక వెతకక్కర్లేదు. వేసవిలో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ కాస్త పడినా సర్దుకోవచ్చు.

బల్ల కిటికీకి పక్కవాటుగా వేయండి. కిటికీ వీపు వెనకుంటే స్క్రీన్ మీద అద్దంలా మెరుపు, పైగా వీడియో కాల్‌లో మీ మొహం నల్లటి నీడ. స్క్రీన్ వెనకుంటే సాయంత్రానికి కళ్లు గుంజుతాయి.

కూలర్ సంగతి. పొడి వడగాలి వీచే రోజుల్లో బాగానే పనిచేస్తుంది, అదీ ఎదురు కిటికీ తెరిచి ఉంచితేనే. తలుపులన్నీ బిడాయించి పెడితే గంటలో కాగితాలు మెత్తబడతాయి. ఉక్కపోత రోజున అది ఉత్త ఫ్యానే. ఏసీ అయితే 100-120 చదరపు అడుగులకి ఒక టన్ను, పడమటి గదికో పై అంతస్తుకో ఒకటిన్నర. 26 డిగ్రీల్లో పెట్టి పైన ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. గాలి నేరుగా మొహానికి కొట్టే చోట కూర్చోకండి, కళ్లు ఆరిపోతాయి.

ఇక కరెంటు. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మానిటర్ 25, వైఫై పెట్టెలు 15, ట్యూబ్‌లైటు 20, పాత సీలింగ్ ఫ్యాను 75. మొత్తం 195. ఇన్వర్టర్‌కి పెట్టే 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్-అవర్లు ఉన్నా, చేతికొచ్చేది మూడింట రెండొంతుల్లోపే, 1,100 అనుకోండి. అంటే కొత్త బ్యాటరీకి అయిదున్నర గంటలు. ఆ ఫ్యాను తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే అదే బ్యాటరీ ఏడు గంటలు దాటుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాను మార్చి చూడండి.

చాలా ఇన్వర్టర్లకి ‘యూపీఎస్’, ‘నార్మల్’ అని మీట ఉంటుంది. నార్మల్‌లో కరెంటు పోయినప్పుడు మారడానికి ఒక్క క్షణం ఎక్కువ పడుతుంది. ల్యాప్‌టాప్‌కి పట్టదు గానీ డెస్క్‌టాప్, రౌటర్ (వైఫై పెట్టె) ఆగి మళ్లీ మొదలవుతాయి. యూపీఎస్‌లో ఆ బాధ లేదు. కాకపోతే అది తక్కువ వోల్టేజీని ఒప్పుకోదు. అందరూ ఏసీలు వేసే వేసవి రాత్రుల్లో వోల్టేజీ 180 దగ్గరికి దిగితే, కరెంటు ఉండగానే బ్యాటరీ మీద నడిచి, అసలు కోత వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. మీ వీధిలో ఇదే వరసైతే మీట నార్మల్‌లో ఉంచి, రౌటర్‌కి విడిగా 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి. ఫైబర్ పెట్టె, వైఫై పెట్టె వేర్వేరైతే రెండింటికీ పెట్టాలి. ఫైబర్ పెట్టె మీద ‘లాస్’ (LOS) అని రాసున్న దీపం ఎర్రగా వెలిగితే మాత్రం రీస్టార్టులతో పనిలేదు, తీగ ఎక్కడో తెగిందో వంగిందో. ఆపరేటర్‌కి ఫోన్ చేసి, ఈలోగా వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకురండి.

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప కుళాయి నీళ్లు పోయకండి. వేసవిలో నెలకోసారి మట్టం చూసుకోండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడ సింగ్‌నగర్ వైపు కింది వాటాలు మునిగాయి. పల్లపు వీధుల్లో ఉండేవాళ్లు ఇన్వర్టర్‌ని ముందే మెట్ల ల్యాండింగ్‌లో పెట్టించుకోవాలి. ఈ బ్యాటరీ యాభై కిలోల పైమాటే, నీళ్లొచ్చాక మోయలేరు.

బల్ల మామూలుగా 30 అంగుళాల ఎత్తుంటుంది. అయిదడుగుల రెండంగుళాల మనిషికి అది ఎక్కువ. భుజాలు పైకి లేచి, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. వడ్రంగితో చేయించుకుంటే 27 చెప్పండి. ఉన్న బల్లే అయితే మోచెయ్యి బల్ల మట్టానికి వచ్చేదాకా కుర్చీ లేపి, కాళ్ల కింద మూడు నాలుగంగుళాల పీట వేసుకోండి. లోతు 24 అంగుళాలకి తగ్గొద్దు. 19 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై, పైన మెరవని మ్యాట్ మైకా. ముందు అంచు గుండ్రంగా తీయించండి, లేకపోతే మణికట్టు మీద గీత పడుతుంది. ల్యాప్‌టాప్‌ని దాని పై అంచు కంటి ఎత్తుకి వచ్చేలా లేపి, విడి కీబోర్డు, మౌసు పెట్టుకోవాలి. ఇవి లేకుండా స్టాండు ఒక్కటే కొనడం డబ్బు దండగ.

కుర్చీ వీపుకి వల ఉన్నదే తీసుకోండి. రెగ్జిన్ మన చెమటకి వీపుకి అతుక్కుంటుంది. కూర్చున్నప్పుడు మోకాలి వెనక రెండు వేళ్లు పట్టే సందుండాలి.

గచ్చూ గోడలూ బోసిగా ఉన్న గదిలో మాట మోగుతుంది. దళసరి కర్టెను, కింద ఒక బొంత చాలు.

చివరిగా, ఎవరూ పట్టించుకోనిది. ఛార్జింగ్‌లో ఉండగా ల్యాప్‌టాప్ లోహపు అంచు మీద ముంజేయి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందా? ఛార్జర్‌కి మూడు పిన్నుల ప్లగ్గున్నా, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సులోనో గోడ బోర్డులోనో ఎర్తు లేనట్టే. ఛార్జర్ నుంచి లీకయ్యే కొద్దిపాటి కరెంటు నేలలోకి పోయే దారి లేక మీ చేతిలోంచి పోతోంది. ముందు బాక్సు తీసేసి నేరుగా గోడకి పెట్టి చూడండి. అక్కడా జివ్వుమంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజీ కొలవమనండి. రెండు మూడు వోల్టులు మించకూడదు. గుంటూరు నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి ఎర్తు గుంటలో రాడ్డుని వదిలేస్తుంది. అక్కడే తేడా ఉందని తేలితే గుంటలో బొగ్గు, ఉప్పు కొత్తగా వేయించి, ఏప్రిల్ నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తుండండి.