ల్యాప్‌టాప్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ క్లిక్ సమస్యలు: లక్షణం, కారణం, పరిష్కారం

క్లిక్ సరిగ్గా పడడం లేదనగానే చాలామంది కొత్త మౌస్ కొనేస్తారు. లేదంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి కనిపించినవన్నీ మార్చేస్తారు. రెండూ తొందరపాటే. తప్పు మౌస్‌లో ఉందో, ల్యాప్‌టాప్‌లో ఉందో ముందు తేల్చుకోవాలి. బయటి మౌస్ తీసేసి కాసేపు టచ్‌ప్యాడ్‌తో పని చేయండి. తర్వాత అదే మౌస్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి చూడండి. అక్కడా అలాగే చేస్తే లోపం మౌస్‌దే. ఒకే ల్యాప్‌టాప్‌లో మౌస్, టచ్‌ప్యాడ్ రెండూ ఒకేలా తప్పుగా పనిచేస్తుంటే ముందు సెట్టింగ్‌ను అనుమానించాలి.

అసలు క్లిక్కే పడనప్పుడు సెట్టింగ్స్ దాకా ఎలా వెళ్లాలి? విండోస్ కీ, ఐ కలిపి నొక్కండి. లోపల ట్యాబ్, బాణం కీలు, ఎంటర్‌తో తిరగొచ్చు. షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే రైట్ క్లిక్ మెనూ వస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాలి. కింద చెప్పే దారులు విండోస్ 11వి. విండోస్ 10లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’ బదులు ‘డివైసెస్’ అని ఉంటుంది.

టచ్‌ప్యాడ్ గట్టిపడింది, లేదా దానంతటదే క్లిక్ అవుతోంది

మిగతావాటికంటే ముందు దీన్ని చూడమంటాను, ఎందుకంటే ఇది ప్రమాదం కూడా. చాలా ల్యాప్‌టాప్‌లలో టచ్‌ప్యాడ్ కిందే బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ ఉబ్బితే ప్యాడ్‌ను కింది నుంచి పైకి తోస్తుంది. అప్పుడు క్లిక్ గట్టిపడుతుంది, లేదా బటన్ నొక్కుకునే ఉండిపోతుంది. ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెడితే ఊగుతోందా, మూత పూర్తిగా పడడం లేదా, ప్యాడ్ ఒక అంచున లేచిందా చూడండి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఛార్జర్ తీసేసి, షట్‌డౌన్ చేసి, సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. ప్యాడ్‌ను నొక్కి సరిచేయాలని చూడొద్దు. బ్యాటరీకి సూది మొన గుచ్చుకున్నా మంటలు రావచ్చు.

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది

దీనికి రెండు కారణాలున్నాయి. వాటి మధ్య తేడా తెలియకే చాలామంది బాగున్న మౌస్‌ను పారేస్తారు.

ఫోల్డర్లు మాత్రమే ఒక్క క్లిక్‌కు తెరుచుకుంటూ, మిగతా చోట్ల అంతా మామూలుగా ఉంటే అది సెట్టింగే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ‘ఆప్షన్స్’లోకి వెళ్లి, ‘డబుల్-క్లిక్ టు ఓపెన్ యాన్ ఐటమ్’ ఎంచుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు రెండో పరీక్ష. నోట్‌ప్యాడ్‌లో నాలుగు ముక్కలు రాసి, ఒక పదం మధ్యలో ఒక్కసారే క్లిక్ చేయండి. కర్సర్ అక్కడ నిలబడాలి. అప్పుడప్పుడూ పదం మొత్తం సెలెక్ట్ అయిపోతుంటే బటన్ కింది మైక్రో స్విచ్ అరిగిందన్నమాట. ఫైల్‌ను లాగుతుంటే మధ్యలో జారిపోవడం కూడా ఇదే జబ్బు. స్విచ్ లోపల పల్చటి లోహపు రేకు ఒకటి ఉంటుంది. నొక్కినప్పుడు అది తగిలి, క్షణంలో చిన్న వంతు సేపు అదురుతుంది. కొత్త మౌస్‌లో ఆ అదురును లోపలి చిప్ పట్టించుకోదు. రేకు అరిగినా, తగిలే చోట మసి పట్టినా అదురు ఎక్కువసేపు సాగుతుంది, చిప్ దాన్ని రెండో క్లిక్‌గా లెక్కేస్తుంది.

డబుల్ క్లిక్ స్పీడ్ పెంచితే పోతుందని కొందరు సలహా ఇస్తారు. పోదు. విండోస్‌లో మామూలుగా రెండు క్లిక్‌ల మధ్య 500 మిల్లీసెకన్ల (అర సెకను) వరకు గడువు ఉంటుంది, ఎంత తగ్గించినా 200 దగ్గర ఆగుతుంది. స్విచ్ అదురు దానికంటే ఎంతో తక్కువ సమయంలో జరిగిపోతుంది కాబట్టి అది ఇంకా డబుల్ క్లిక్‌గానే లెక్కకొస్తుంది. వారంటీ ఉంటే మార్పించుకోండి. లేకపోతే సోల్డరింగ్ తెలిసిన రిపేరు షాపులో స్విచ్ ఒక్కటి మార్చమని అడగండి. మంచి మౌస్ అయితే అది దండగ ఖర్చు కాదు.

డబుల్ క్లిక్ అందడం లేదు

ఇంట్లో పెద్దవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. చేతి వేగం 500 మిల్లీసెకన్లకు అందదు, లేదా రెండు క్లిక్‌ల మధ్య మౌస్ కాస్త కదిలిపోతుంది. సెట్టింగ్స్‌లో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’ కింద ఉన్న ‘మౌస్’ పేజీలో ‘అడిషనల్ మౌస్ సెట్టింగ్స్’ తెరిచి డబుల్ క్లిక్ స్పీడ్‌ను ‘స్లో’ వైపు జరపండి. పక్కనే ఉన్న ఫోల్డర్ బొమ్మ మీద వాళ్ల చేతే నొక్కించి చూడండి. అది తెరుచుకునే వేగం దగ్గర ఆపేయండి. పట్టుకుని లాగడం కూడా కష్టమైతే అక్కడే ‘క్లిక్‌లాక్’ ఉంది. బటన్‌ను కాసేపు నొక్కి వదిలితే నొక్కినట్టే ఉండిపోతుంది, మళ్లీ క్లిక్ చేస్తే విడుస్తుంది. ఇన్నేళ్లుగా ఉన్న ఈ సదుపాయం వేళ్లు వణికేవాళ్లకు నిజంగా పెద్ద సాయం.

ఎడమ బటన్ నొక్కితే రైట్ క్లిక్ మెనూ వస్తోంది

ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎవరో బటన్లు మార్చి ఉంటారు. ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లో ‘మౌస్’ తెరిచి ‘ప్రైమరీ మౌస్ బటన్’ను ‘లెఫ్ట్’ చేయండి. మార్చేవరకు మామూలు క్లిక్ కుడి బటన్‌తోనే చేయాలి. ఈ మార్పు టచ్‌ప్యాడ్ బటన్లకూ వర్తిస్తుంది. మౌస్ ఒక్కటే ఎడమచేతికి కావాలంటే విండోస్‌లో ముట్టుకోకుండా, మౌస్ కంపెనీ ఇచ్చిన యాప్‌లో మార్చుకోండి.

టచ్‌ప్యాడ్‌పై రైట్ క్లిక్ రావడం లేదు

‘బ్లూటూత్ అండ్ డివైసెస్’లోని ‘టచ్‌ప్యాడ్’ పేజీలో ‘ట్యాప్స్’ విప్పి చూడండి. రెండు వేళ్లతో తడితే రైట్ క్లిక్, కింది కుడి మూల నొక్కితే రైట్ క్లిక్ అని రెండు టిక్కులుంటాయి. మీ అలవాటును బట్టి పెట్టుకోండి. ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌లో చాలాసార్లు రెండు వేళ్ల పద్ధతి ముందే ఎంచుకుని ఉంటుంది, అందుకే మూల నొక్కితే మామూలు క్లిక్కే పడుతుంది. పాత వెర్షన్లలో ట్వీక్స్ యాప్‌లో ‘మౌస్ క్లిక్ ఎమ్యులేషన్’ కింద ‘ఏరియా’ ఎంచుకోండి. మ్యాక్‌లో దీన్ని ‘ట్రాక్‌ప్యాడ్’ కింద ‘సెకండరీ క్లిక్’ అంటారు.

టైప్ చేస్తుంటే కర్సర్ ఇంకో లైన్‌లోకి దూకుతోంది

బొటనవేలి మొదలు ప్యాడ్‌కు తగులుతోంది. ‘టచ్‌ప్యాడ్ సెన్సిటివిటీ’ని ‘లో’ చేయండి. బయటి మౌస్ వాడేవాళ్లు ‘లీవ్ టచ్‌ప్యాడ్ ఆన్ వెన్ ఎ మౌస్ ఈజ్ కనెక్టెడ్’ దగ్గర టిక్ తీసేస్తే మౌస్ ఉన్నంతసేపూ ప్యాడ్ ఆగిపోతుంది.

ఛార్జర్ పెట్టినప్పుడే క్లిక్‌లు పిచ్చిగా పడితే కారణం వేరు. టచ్‌ప్యాడ్ మన వేలి వల్ల కలిగే అతి చిన్న విద్యుత్ మార్పును కొలిచి పనిచేస్తుంది. ఎర్తింగ్ లేని సాకెట్ నుంచి, నాసిరకం అడాప్టర్ నుంచి వచ్చే అలజడి ఆ కొలతను పాడు చేస్తుంది. ఛార్జర్ తీసి చూడండి. బ్యాటరీ మీద బాగుంటే తప్పు అక్కడే. ల్యాప్‌టాప్ లోహపు భాగం తాకితే సన్నగా జిల్లుమంటున్నా అనుమానం బలపడుతుంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడటం మన ఇళ్లలో మామూలైపోయింది. అలా ఉంటే మార్చేయండి. సాకెట్‌కు ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

పక్క బటన్లకు నచ్చిన పని పెట్టాను, ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయడం లేదు

మామూలు పక్క బటన్లు బ్రౌజర్‌లో వెనక్కీ ముందుకూ వెళ్లడానికి. వేరే పనులు పెట్టాలంటే కంపెనీ యాప్ గానీ, ఎక్స్-మౌస్ బటన్ కంట్రోల్ లాంటి ఉచిత ప్రోగ్రామ్ గానీ కావాలి. మనం పెట్టిన పని చాలా మౌస్‌లలో ఆ యాప్‌లోనే ఉంటుంది, మౌస్‌లో కాదు. అందుకే ఆఫీసు ల్యాప్‌టాప్‌కు పెడితే కనిపించదు. లోపల మెమరీ ఉన్న గేమింగ్ మౌస్‌లు అయితే గుర్తుంచుకుంటాయి. అడ్మినిస్ట్రేటర్‌గా (పూర్తి అధికారాలతో) నడిచే ప్రోగ్రామ్‌లో మాత్రమే బటన్ పనిచేయకపోతే, ఎక్స్-మౌస్‌ను కూడా అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి. మధ్య బటన్ కోసమైతే యాప్ కూడా అక్కర్లేదు: ‘టచ్‌ప్యాడ్’ పేజీలోని ‘త్రీ-ఫింగర్ జెస్చర్స్’లో ట్యాప్‌కు ‘మిడిల్ మౌస్ బటన్’ పెట్టుకుంటే, మూడు వేళ్లతో లింక్ మీద తట్టగానే అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది.