హెడ్‌ఫోన్ డ్యాక్, యాంప్ కొనే ముందు, కలిపే ముందు జాగ్రత్తలు

డ్యాక్ అంటే డిజిటల్ ఆడియోని అనలాగ్ సిగ్నల్‌గా మార్చేది, యాంప్ అంటే ఆ సిగ్నల్‌ని హెడ్‌ఫోన్‌కి సరిపడా పెంచేది. కొనే ముందు మీ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ (కరెంటుకు అడ్డు) ఎన్ని ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత గట్టిగా మోగుతుంది) ఎంత అన్నది చూడండి. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కి భారీ పవర్ అక్కర్లేదు. దానికి కావలసింది తక్కువ నాయిస్, తక్కువ అవుట్‌పుట్ ఇంపెడెన్స్. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు మించకుండా చూసుకోండి, అంటే 32 ఓమ్‌లకు 4 లోపు. 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కి మాత్రం వోల్టేజ్ బాగా ఇవ్వగల యాంప్ కావాలి. 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ లాంటి ఆడియో రిజల్యూషన్ అంకెలకు అదనంగా డబ్బు పెట్టకండి. వినడానికి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ చాలు.

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్‌కి (ఎడమ, కుడి చెవులకు నెగటివ్ వైర్లు వేర్వేరుగా ఉండేది) అడాప్టర్ పెట్టి మామూలు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్ ఎప్పుడూ కలపకండి. రెండు నెగటివ్ వైర్లు ఒకటైపోయి యాంప్ కాలిపోవచ్చు. ఈ ఒక్కటీ తప్పక గుర్తుంచుకోండి.

ఆన్ చేసే ముందు గెయిన్ (యాంప్ సిగ్నల్‌ని ఎంత పెంచాలనే సెట్టింగ్) 'లో'లో, వాల్యూమ్ సున్నాలో ఉండాలి. ఆన్ చేశాకే హెడ్‌ఫోన్ ప్లగ్ పెట్టండి, తర్వాతే చెవులకు పెట్టుకోండి. కొన్ని యాంప్‌లు ఆన్ అయ్యేటప్పుడు గట్టిగా టప్‌మంటాయి.

సౌండ్ రాకపోతే కంగారు పడి వెనక్కి పంపకండి. కంప్యూటర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ డివైస్‌గా డ్యాక్‌నే ఎంచుకున్నారో లేదో చూడండి. బుయ్‌మని హమ్ వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసి వినండి. అది ఆగితే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ కనెక్షన్ల మధ్య కరెంటు తిరగడం) అయ్యుండొచ్చు. సౌండ్ మధ్యలో తెగుతుంటే యూఎస్‌బీ హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టులో పెట్టండి, కేబుల్ కూడా మార్చి చూడండి.