ఫార్మాట్ కొట్టే ముందు వైర్లు పీకి చూడండి

సిస్టం ఆన్ కావడం లేదు, మధ్యలో ఆగిపోతోంది, దానంతటదే రీస్టార్ట్ అవుతోంది అని చెప్పగానే మొదట వినిపించే మాట "ఫార్మాట్ కొట్టాలి". రెండోది "ర్యామ్ తీసి తుడవాలి". రెండూ అయ్యాక కూడా జబ్బు అలాగే ఉంటే, అప్పుడు గుర్తొస్తుంది సీపీయూ వెనకాల ప్రింటరు, స్కానరు, వేలిముద్రల మిషను, వెబ్‌క్యామ్, ఒక పోర్టుని నాలుగు చేసే హబ్బు వేలాడుతున్నాయని. వరస తిరగేయండి. వైర్లు పీకడానికి రెండు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు, డేటా పోదు. జిరాక్స్ షాపులు, మీసేవ కేంద్రాల్లాంటి చోట్ల, ఒక్క సీపీయూకి ఆరేడు వస్తువులు తగిలించి ఉంటాయి కాబట్టి, అక్కడ మరీ అవసరం.

మొదట అన్నీ పీకండి

షట్‌డౌన్ చేసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కిపట్టి షట్‌డౌన్ మీద క్లిక్ చేయండి. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో డ్రైవర్లు (తగిలించిన వస్తువులతో విండోస్‌ని మాట్లాడించే ప్రోగ్రాములు) పూర్తిగా దిగిపోవు. వాటిని ఉన్నవి ఉన్నట్టు డిస్కులో దాచి, మర్నాడు అవే లేపుతుంది. "ఆపి ఆన్ చేశాను, అయినా తగ్గలేదు" అనే వాళ్లలో చాలామంది నిజానికి ఆపలేదు. షిఫ్ట్‌తో ఆపితే కొత్తగా మొదలవుతుంది. రీస్టార్ట్ చేసినా అంతే.

ఆగాక మెయిన్ ప్లగ్ తీసి, పవర్ బటన్‌ని 15 సెకన్లు నొక్కిపట్టండి. లోపల మిగిలిన చార్జ్ దిగుతుంది. మానిటరు, కీబోర్డు, మౌసు తప్ప మిగతావన్నీ తీసేయండి. సౌండ్ బాక్సు పిన్ను, పెన్‌డ్రైవ్, వైఫై డాంగిల్ కూడా. కీబోర్డు, మౌసు సీపీయూ వెనక పోర్టుల్లోనే పెట్టండి. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. ముందువి సన్నటి వైర్ల మీదుగా వస్తాయి, వాటి కనెక్షన్ లూజవడం మామూలే.

ఇప్పుడు ఆన్ చేసి, ఇంతకుముందు ఏ పని చేస్తే తేడా వచ్చిందో ఆ పనే చేయండి. బాగా నడిస్తే ఒక్కొక్కటే తగిలిస్తూ, ప్రతిసారీ పది నిమిషాలు చూడండి.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మూడో వస్తువు గుచ్చగానే తేడా వచ్చిందంటే తప్పు మూడోదానిదే అనుకుంటారు. మొదటి రెండూ తీసి, మూడోది ఒక్కటే ఉంచి చూడండి. అప్పుడూ తేడా వస్తే తప్పు దానిదే. ఒంటరిగా హాయిగా నడిస్తే మాత్రం అన్నిటికీ కలిపి కరెంటు చాలడం లేదని అర్థం.

ఏమీ తగిలించకపోయినా తేడా వస్తుంటే కీబోర్డు, మౌసు కూడా మార్చి చూడాలి. ఆన్ చేయగానే ఆగకుండా బీప్ కొట్టడం, వాల్యూమ్ దానంతటదే పెరగడం, సెర్చ్ బాక్సులో ఒకే అక్షరం బారులు తీరడం ఇరుక్కుపోయిన కీ పనే. విండోస్‌లోని ఆన్ స్క్రీన్ కీబోర్డు తెరవండి. మీరు చెయ్యి పెట్టకుండానే ఏ కీ వెలుగుతుంటే అదే దొంగ.

పోర్టు ఇచ్చే కరెంటు ఎంత?

యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, అంటే సాధారణంగా లోపల నీలం రంగు నాలుక ఉండేది, 900 దాకా ఇస్తుంది. అడాప్టర్ లేని నాలుగు పోర్టుల హబ్బు ఆ 500నే నలుగురికీ పంచుతుంది. దానికి పోర్టబుల్ హార్డ్‌డిస్క్, వెబ్‌క్యామ్, వేలిముద్రల మిషను తగిలిస్తే డిస్కు తిరగడం మొదలయ్యే క్షణంలోనే ఉన్నదంతా లాగేస్తుంది. అప్పుడు వెబ్‌క్యామ్ మాయమవుతుంది, మిషను లైటు ఆరిపోతుంది, "టుంగ్" మని డివైస్ ఊడిన శబ్దం వస్తుంది. హార్డ్‌డిస్క్‌ని నేరుగా వెనక పోర్టుకి మార్చండి. తక్కినవాటికి సొంత అడాప్టర్ ఉన్న హబ్బు కొనండి.

వైరు పొడవూ లెక్కలోకి వస్తుంది. యూఎస్‌బీ 2.0కి 5 మీటర్లు హద్దు. ప్రింటరు అవతలి గదిలో ఉందని మూడు మీటర్ల వైరుకి ఇంకో మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కలిపితే ఒకరోజు పలుకుతుంది, ఒకరోజు పలకదు.

పోర్టు లోపలి నాలుక విరిగి పిన్నులు ఒకదానికొకటి తగిలితే కొన్ని మదర్‌బోర్డులు ఆన్ కాగానే ఓవర్ కరెంట్ అని చూపించి, 15 సెకన్లలో ఆపేస్తాయి. ఎస్ఎంపీఎస్ (సీపీయూ లోపల కరెంటు అందించే డబ్బా) పోయిందని కొత్తది కొనేముందు టార్చిలైటు వేసి ఒక్కో పోర్టులోకీ చూడండి.

ప్రింట్ ఇస్తే రీస్టార్ట్ అవుతుంటే

వైరస్ అనుకునే జబ్బుల్లో ఇది ముందుంటుంది. మామూలుగా సిస్టం బ్రహ్మాండంగా నడుస్తుంది. ప్రింట్ ఇవ్వగానే యూపీఎస్ కుయ్యిమంటుంది, తెర నల్లబడుతుంది, మళ్లీ మొదటినుంచి లేస్తుంది. అది కూడా ఉదయం మొదటి ప్రింట్‌కో, చాలాసేపు ఖాళీగా ఉన్నాక ఇచ్చిన ప్రింట్‌కో ఎక్కువ.

కారణం లేజర్ ప్రింటరుని యూపీఎస్‌కి తగిలించడం. పొడిని కాగితానికి అతికించడానికి లేజర్ ప్రింటరులో వేడెక్కే రోలరు ఒకటి ఉంటుంది. చల్లారి ఉన్న ఆ రోలరు వేడెక్కే కొద్ది సెకన్లలో వందల వాట్లు లాగుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లు. అందులో సీపీయూ, మానిటరు వాటా పోగా మిగిలింది ప్రింటరుకి చాలదు, యూపీఎస్ చేతులెత్తేస్తుంది. వరసగా ఇచ్చే ప్రింట్లకు రోలరు అప్పటికే వేడిగా ఉంటుంది కాబట్టి తేడా రాదు. అందుకే ఈ జబ్బు అంత తేలిగ్గా దొరకదు.

తేల్చుకోవడం సులువే. లేజర్ ప్రింటరు ప్లగ్గు యూపీఎస్ నుంచి తీసి గోడ సాకెట్‌లో, వీలైతే వేరే స్విచ్ బోర్డులో పెట్టండి. అరగంట ఆగి ప్రింట్ ఇవ్వండి. రీస్టార్ట్ కాకపోతే కథ ముగిసింది, ఇక దాన్ని అక్కడే ఉంచేయండి. కరెంటు పోయినప్పుడు ప్రింటు రాకపోతే పోనివ్వండి, యూపీఎస్ ఉన్నది ఫైలు సేవ్ చేసుకోవడానికి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్లు మాత్రం పదుల వాట్లలోనే నడుస్తాయి, వాటిని యూపీఎస్ మీద పెట్టుకోవచ్చు. వాటిని గోడ స్విచ్‌తో కాకుండా వాటి బటన్‌తోనే ఆపాలి. లేదంటే హెడ్డు మూత కిందికి వెళ్లక ఇంకు ఎండిపోతుంది.

ప్రింట్ ఇచ్చినా కదలకుండా వరసలో ఇరుక్కుపోతే అది వేరే సంగతి. విండోస్‌లో సర్వీసెస్ తెరిచి, ప్రింట్లను వరసలో పెట్టే ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ దాకా వెళ్లి, లోపలి ఫైళ్లు మాత్రమే తీసేయండి, ఫోల్డర్ జోలికి పోకండి. స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చేయండి. ప్రింటరుని వేరే యూఎస్‌బీ పోర్టుకి మార్చాక "కాపీ 1" అని కొత్త ప్రింటరు కనిపిస్తే, పాతది ఆఫ్‌లైన్ చూపిస్తుంటే, కొత్తదాన్ని డిఫాల్ట్ చేసి పాతదాన్ని తీసేయడమే.

ఆన్ చేస్తే నల్ల తెర, తెల్ల అక్షరాలు

"నో బూటబుల్ డివైస్" అనో, "ఆపరేటింగ్ సిస్టం నాట్ ఫౌండ్" అనో వస్తే హార్డ్‌డిస్క్ పోయిందని గుండె జారుతుంది. ముందు పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, పోర్టబుల్ డిస్కు ఏదైనా గుచ్చి ఉందేమో చూడండి. బయాస్ (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు ప్రోగ్రాం) బూట్ ఆర్డర్‌లో, అంటే విండోస్‌ని వెతికే వరసలో, యూఎస్‌బీ ముందుంటే సిస్టం విండోస్ కోసం అక్కడ వెతికి, లేదని ఆగిపోతుంది. పీకి రీస్టార్ట్ చేయండి. లేచాక బయాస్‌లో లోపలి డిస్కుని మొదటి వరసకి తెచ్చేయండి.

విండోస్ లేస్తోంది గానీ దిస్ పీసీ తెరిస్తే పైన ఆకుపచ్చ గీత నత్తలా పాకుతుంటే, తగిలించి ఉన్న బయటి డిస్కుని అనుమానించాలి. దాన్నుంచి టిక్ టిక్ శబ్దం వస్తుంటే ఏ రిపేరు టూలూ నడపకండి. అడిగినా "ఫార్మాట్ డిస్క్" నొక్కకండి. ఫైళ్లు ఇంకా కనిపిస్తుంటే ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి. అసలు కనిపించకపోతే డిస్కుని ఆపేసి డేటా రికవరీ వాళ్లకివ్వండి.

డివైస్ మేనేజర్ చెప్పేది

డివైస్ మేనేజర్ అంటే సిస్టంలోని, సిస్టంకి తగిలించిన వస్తువులన్నిటినీ చూపించే విండోస్ జాబితా. అందులో పసుపు త్రికోణం ఉన్నదాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ఒక కోడ్ నంబరు కనిపిస్తుంది. 28 అంటే డ్రైవర్ లేదు, ఎక్కించండి. 10 అంటే డ్రైవర్ ఉంది గానీ వస్తువు మొదలవలేదు. డ్రైవర్ తీసేసి, తయారీదారు సైట్ నుంచి ఆ మోడల్‌దే ఎక్కించండి. 43తో పాటు "డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్" అని ఉంటే డ్రైవర్ల కోసం గంటలు తగలేయొద్దు. నువ్వెవరు అని కంప్యూటర్ అడిగింది, వస్తువు నుంచి అర్థమయ్యే జవాబు రాలేదు. డ్రైవర్ రంగంలోకి వచ్చేది ఆ జవాబు వచ్చాకే. కాబట్టి వైరు మార్చండి, పోర్టు మార్చండి, హబ్బు తీసేయండి. అప్పటికీ అంతే అయితే వేరే కంప్యూటర్‌కి పెట్టి చూడండి.

కాసేపు వదిలేస్తే మాయమై, పీకి గుచ్చితే తిరిగొచ్చే వస్తువు పాడైనట్టు కాదు. విండోస్ కరెంటు ఆదా చేస్తోందంతే. యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్‌కి వెళ్లి "అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్" ఎదుట టిక్కు తీసేయండి. వేలిముద్రల మిషన్లకి ఈ ఒక్క టిక్కు తీయడంతోనే చాలాసార్లు కుదురుతుంది. మిషను లైటు వెలుగుతూ, డివైస్ మేనేజర్‌లో సరిగ్గానే ఉండి, సైటు మాత్రం "డివైస్ నాట్ రెడీ" అంటే ఆర్‌డీ సర్వీస్ (మిషను వేలిముద్రని సైటుకి అందించే ప్రోగ్రాం) ఆగిందేమో సర్వీసెస్‌లో చూడండి. సైట్లు ఆ సర్వీస్‌ని అదే కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 దాకా ఉన్న పోర్టు నంబర్లలో (ఇవి వైరు గుచ్చే పోర్టులు కావు, నెట్‌వర్క్ నంబర్లు) వెతుక్కుంటాయి. పాత కంపెనీ మిషను తాలూకు ఆర్‌డీ సర్వీస్ ఇంకా లోపలే ఉంటే సైటు దాన్ని పట్టుకుని కూర్చునే అవకాశం ఉంది. వాడనిదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.

వైర్‌లెస్ మౌసు గెంతుతుంటే సెల్లు మార్చేముందు దాని డాంగిల్ పక్క పోర్టులో ఏముందో చూడండి. నడుస్తున్న యూఎస్‌బీ 3.0 డిస్కు, దాని వైరు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద చేస్తాయి. మౌసు మాట్లాడేదీ అక్కడే. డాంగిల్‌ని అవతలి వైపుకి మార్చండి, లేదా ఒక యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ వైరుతో మౌసు దగ్గరికి లాగండి.

పాత వీజీఏ వైరు మానిటరు రంగు మారిపోతే పిన్నులు చూడండి. తెర పసుపుగా ఉంటే నీలం అందడం లేదు, గులాబీగా ఉంటే ఆకుపచ్చ అందడం లేదు. ఒక పిన్ను వంగి ఉంటుంది.

సీపీయూ ముట్టుకుంటే జిల్లుమంటుంటే

ఎర్తింగ్ లేదు. మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టారేమో చూడండి. ఎస్ఎంపీఎస్‌లోని ఫిల్టరు నుంచి వచ్చే చిన్న లీకేజీ పోయేదారి లేక బాడీ మీదే ఉండిపోతుంది. ప్రింటరు ఒక బోర్డులో, సీపీయూ ఇంకో బోర్డులో ఉంటే ఆ తేడా యూఎస్‌బీ వైరు గుండానే సర్దుకుంటుంది. వస్తువులు ఊరికే ఊడిపోవడం, పోర్టులు ఒక్కొక్కటే చావడం అందువల్లే జరగొచ్చు. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులుంటే సరే, పదులు దాటితే ఎర్త్ గుంట సంగతి చూడాలి. అప్పటిదాకా వైర్లు పీకడం, గుచ్చడం మెయిన్ ఆపాకే చేయండి.

ఇవన్నీ అయ్యాక కూడా రిపేరు షాపుకే వెళ్లాల్సి వస్తే సీపీయూ ఒక్కటే మోసుకెళ్లకండి. అక్కడ వాళ్ల కీబోర్డు, వాళ్ల మౌసు పెట్టి ఆన్ చేస్తారు. మీ ప్రింటరు లేదు, మీ హబ్బు లేదు కాబట్టి అది గంటల తరబడి చక్కగా నడుస్తుంది. ఇంటికి తెచ్చాక మళ్లీ మొదలవుతుంది. అనుమానం ఉన్న వస్తువుని, దాని వైరుని, దాని అడాప్టర్‌ని కూడా పట్టుకెళ్లి, ఏది గుచ్చాక తేడా వచ్చిందో కాగితం మీద రాసివ్వండి.