సర్క్యూట్ల సాధన, 6వ పాఠం: సూపర్‌పొజిషన్‌లో కూడేవి, కూడనివి

గత పాఠం చివర ఇచ్చిన లెక్కకు వచ్చిన జవాబులు చూశాక, ఈసారి మొదలుపెడదామనుకున్న డిపెండెంట్ సోర్సులను, అంటే సర్క్యూట్‌లో మరోచోటి కరెంటునో వోల్టేజినో బట్టి విలువ మారే సోర్సులను, పాఠం రెండో సగానికి నెట్టవలసి వచ్చింది. లెక్క పెద్దదేమీ కాదు. 10 వోల్టుల సోర్సు ఒకటి, దానితో శ్రేణిలో 4 ఓమ్‌ల రెసిస్టర్. ఆ రెసిస్టర్ రెండో కొస పై నోడ్‌కు, అంటే పైన దారులు కలిసే చోటుకు, చేరుతుంది. పై నోడ్ నుంచి గ్రౌండ్‌కు 6 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సమాంతరంగా 5 ఆంపియర్లను పై నోడ్‌లోకి పంపే కరెంటు సోర్సు ఉన్నాయి. సూపర్‌పొజిషన్‌తో, అంటే ఒక్కొక్క సోర్సునే పనిచేయనిచ్చి, రెండోదాన్ని సున్నా చేసి, వచ్చిన కరెంటులను చివర కలిపే పద్ధతిలో, రెండు రెసిస్టర్లలో కరెంటు ఎంత, ఏ దిశలో, ఒక్కొక్క దానిలో ఖర్చయ్యే పవర్ ఎంత అని అడిగాను.

6 ఓమ్‌లలో కరెంటు 3 ఆంపియర్లు. ఈ జవాబు వచ్చినవారు తరువాతి పేరాకు వెళ్లిపోవచ్చు. రానివారు ఎక్కడ తప్పారో వారి అంకెను బట్టే చెప్పవచ్చు. 2 వచ్చిందంటే, వోల్టేజి సోర్సు ఒక్కటే పనిచేస్తున్నప్పుడు మీరు కరెంటు సోర్సు స్థానంలో తీగ గీశారు. ఆ తీగ పై నోడ్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలిపేసి 6 ఓమ్‌లకు ఏమీ మిగల్చలేదు కనుక, కరెంటు సోర్సు ఒక్కటే పనిచేసే రెండో సగంలో వచ్చిన 2 ఆంపియర్లే మీ జవాబుగా మిగిలాయి. 6 వచ్చిందంటే, కరెంటు సోర్సు వంతు వచ్చినప్పుడు వోల్టేజి సోర్సును తీసేసి ఆ చోటును ఖాళీగా వదిలారు. 4 ఓమ్‌ల దారి తెగిపోయి 5 ఆంపియర్లూ 6 ఓమ్‌లలోకే పోయాయి, వాటికి మొదటి సగంలోని 1 ఆంపియర్ కలిసింది. 5 వచ్చినవారు రెండు తప్పులూ చేశారు. వోల్టేజి సోర్సుకు షార్ట్, కరెంటు సోర్సుకు ఓపెన్ అని ఎక్కాల పట్టికలా వల్లె వేసేవారే పరీక్ష హాలులో దాన్ని తారుమారు చేస్తారని నా అనుభవం. వల్లె వేయవలసిన పనే లేదు. సోర్సును సున్నా చేస్తున్నాం. వోల్టేజి సోర్సు సున్నా అంటే దాని రెండు కొసల మధ్య వోల్టేజి సున్నా, అంటే తీగ. కరెంటు సోర్సు సున్నా అంటే దాని గుండా పోయే కరెంటు సున్నా, అంటే తెగిన దారి.

కాగితం మీద షార్ట్ చేయడమంటే సోర్సును సర్క్యూట్ నుంచి తీసి, అది వదిలిన ఖాళీలో తీగ పెట్టడం. సోర్సును దాని చోటనే ఉంచి దాని కొసలను తీగతో కలపడం కాదు. చదువుకునే రోజుల్లో ఒక ల్యాబులో నేను ఈ రెండో పని చేశాను. బ్యాటరీ హోల్డరులోనే ఉంది, దాని రెండు కొసలకూ క్లిప్పులు తగిలించాను. ఎర్ర తీగ మీది ప్లాస్టిక్ మెత్తబడి జిగురులా నా బొటనవేలికి అంటుకుంది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది కాబట్టి ఈ రెండు మాటలు ఎక్కువ రాస్తున్నాను.

ఇక 4 ఓమ్‌ల సంగతి. ఇక్కడ చాలామందికి 4 ఆంపియర్లు వచ్చాయి. సరైన జవాబు 2 ఆంపియర్లు, అదీ పై నోడ్ నుంచి వోల్టేజి సోర్సు వైపు. వోల్టేజి సోర్సు ఒక్కటే ఉన్నప్పుడు 10 వోల్టులను మొత్తం 10 ఓమ్‌లతో భాగిస్తే 1 ఆంపియర్ నోడ్ వైపు వస్తుంది. కరెంటు సోర్సు ఒక్కటే ఉన్నప్పుడు 5 ఆంపియర్లలో 2 మాత్రమే 6 ఓమ్‌లలోకి పోతాయి, మిగిలిన 3 నోడ్ నుంచి బయటికి, 4 ఓమ్‌ల గుండా పోతాయి. నోడ్ వైపు వచ్చేదాన్ని ప్లస్‌గా తీసుకుంటే 1 నుంచి 3 తీసివేయాలి, మైనస్ 2 వస్తుంది. నేను మొదటి బొమ్మలోనే ప్రతి రెసిస్టర్ మీదా పెన్నుతో ఒక బాణం గీసి, ఎన్ని సోర్సులు మార్చినా దాన్ని చెరపను. ఒక్కో బొమ్మకూ కరెంటు పోయే దిశలో కొత్త బాణం గీయడం కొందరికి సహజంగా అనిపిస్తుంది, కానీ చివర కలిపేటప్పుడు మోసపోయేది ఆ అలవాటు వల్లనే. సరిచూడటానికి ఒక్క గీత చాలు. పై నోడ్ వోల్టేజి 3 సార్లు 6, అంటే 18. అది 10 కంటే 8 ఎక్కువ, 8ని 4తో భాగిస్తే 2.

ఈ లెక్కను బల్ల మీద చేసి చూడాలనుకునేవారు ఓమ్‌లను కిలో ఓమ్‌లుగా, ఆంపియర్లను మిల్లీఆంపియర్లుగా మార్చుకోండి, వోల్టులు అలాగే ఉంటాయి. అప్పుడు కూడా ఒక చిక్కు ఉంది. ఇక్కడ 10 వోల్టుల సోర్సులోకి కరెంటు ఎదురు వస్తోంది, ల్యాబులో ఉండే మామూలు పవర్ సప్లై చాలావరకు కరెంటును ఇవ్వగలదే గాని పుచ్చుకోలేదు. సప్లై కొసలకు అడ్డంగా 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి పెట్టండి. అది 10 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది కనుక, ఎదురు వచ్చే 2 పోను సప్లై 8 ఇస్తూనే ఉంటుంది, మీటరుకూ లెక్కకూ పొంతన కుదురుతుంది.

అసలు చిరాకు పుట్టించింది పవర్. విడివిడిగా వచ్చిన పవర్లను కలపకూడదని గత పాఠంలో ఒక వాక్యం రాసి ఊరుకున్నాను. ఆ వాక్యాన్ని చదివి కూడా చాలామంది కలిపారు, కలిపి, కలపవచ్చునని నాకే రుజువు చూపించారు. వారి రుజువు కొట్టిపారేయదగినది కాదు. వోల్టేజి సోర్సు ఒక్కటే ఉన్నప్పుడు రెండు రెసిస్టర్లలో ఖర్చు 4, 6 వాట్లు, మొత్తం 10. కరెంటు సోర్సు ఒక్కటే ఉన్నప్పుడు 36, 24 వాట్లు, మొత్తం 60. కలిపితే 70. అసలు సర్క్యూట్‌లో కరెంటు సోర్సు 18 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇస్తూ 90 వాట్లు అందిస్తోంది, వోల్టేజి సోర్సు 20 వాట్లు పుచ్చుకుంటోంది, రెసిస్టర్లకు మిగిలేది 70. సరిగ్గా సరిపోయింది.

సరిపోయింది మొత్తం మాత్రమే. ఒక్కొక్క రెసిస్టర్‌ను చూడండి. 6 ఓమ్‌లలో అసలు పవర్ 9 సార్లు 6, అంటే 54 వాట్లు. విడివిడివి కలిపితే 6, 24 కలిసి 30 మాత్రమే. 4 ఓమ్‌లలో అసలుది 16 వాట్లు, కలిపితే 40. ఒకచోట 24 తక్కువ, ఇంకొకచోట 24 ఎక్కువ. కరెంటును వర్గం చేసినప్పుడు రెండు వంతుల వర్గాలతో పాటు వాటి లబ్ధానికి రెట్టింపు కూడా వస్తుంది. 6 ఓమ్‌లలో ఆ పదం రెండు సార్లు 1 సార్లు 2 సార్లు 6, అంటే 24. 4 ఓమ్‌లలో దిశలు ఎదురు కనుక రెండు సార్లు 1 సార్లు 3 సార్లు 4కు మైనస్ గుర్తు, అంటే మైనస్ 24. రెండూ కొట్టుకుపోయి మొత్తం 70 దగ్గర నిలిచింది.

ఇది యాదృచ్ఛికమా అంటే కాదు. ఒక జట్టులో వోల్టేజి సోర్సులు మాత్రమే, రెండో జట్టులో కరెంటు సోర్సులు మాత్రమే ఉండి, మిగిలినవన్నీ రెసిస్టర్లే అయితే, ఈ రెండు జట్ల మొత్తం పవర్లు ఎప్పుడూ కలుస్తాయి. కారణం చూడండి. మొదటి జట్టు పనిచేస్తున్నప్పటి కరెంటులను, రెండో జట్టు పనిచేస్తున్నప్పటి వోల్టేజిలతో బ్రాంచికి బ్రాంచి గుణించి అన్నీ కలిపితే సున్నా రావాలి. కిర్కాఫ్ రెండు నియమాలను (నోడ్ దగ్గర కరెంటుల మొత్తం సున్నా, లూపు చుట్టూ వోల్టేజిల మొత్తం సున్నా) పాటించే ఏ జంటకైనా ఇది వర్తిస్తుంది, దీనికే టెల్లిజెన్ సిద్ధాంతమని పేరు. ఆ మొత్తంలో కరెంటు సోర్సుల వాటా సున్నా, ఎందుకంటే మొదటి స్థితిలో అవి తెగిన దారులు. వోల్టేజి సోర్సుల వాటా కూడా సున్నా, ఎందుకంటే రెండో స్థితిలో అవి తీగలు. మిగిలింది రెసిస్టర్ల వాటా, అంటే మనకు తగిలిన ఆ లబ్ధపు పదాల మొత్తం. అదీ సున్నా కాక తప్పదు.

మొత్తం సరిపోయిందని పద్ధతినే నమ్మినవారికి నా రెండో ఉదాహరణ. ఒకే లూపులో 5 ఓమ్‌ల రెసిస్టర్, రెండు 10 వోల్టుల సోర్సులు తీసుకోండి. ఏదో ఒకటి మాత్రమే పనిచేస్తే 2 ఆంపియర్లు, 20 వాట్లు. రెండింటినీ కలిపితే 40 వాట్లు అంటారు మీరు. రెండు సోర్సులూ ఒకే దిశలో నెడితే 4 ఆంపియర్లు, 80 వాట్లు. ఎదురెదురుగా నెడితే కరెంటే లేదు, సున్నా వాట్లు. మీ 40 ఈ రెండింటిలో దేనికీ జవాబు కాదు. ఇక్కడ రెండూ వోల్టేజి సోర్సులే కనుక పైన చెప్పిన రాయితీ వర్తించదు. ఈ ఉదాహరణలో రెసిస్టర్ బదులు టార్చి బల్బు పెట్టవద్దు. ఫిలమెంటు వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, అప్పుడు కరెంటులు కూడా కలవవు. పవర్ కావాలంటే ముందు కరెంటులను గుర్తులతో కలపండి, ఆ తరువాత ఒక్కసారే వర్గం చేయండి.

ఇప్పుడు డిపెండెంట్ సోర్సులు. 12 వోల్టుల సోర్సు నుంచి 4 ఓమ్‌ల గుండా ‘ఐ’ అనే కరెంటు పై నోడ్‌కు వస్తోంది. పై నోడ్ నుంచి గ్రౌండ్‌కు 2 ఓమ్‌లు, దానితో శ్రేణిలో 2ఐ వోల్టుల డిపెండెంట్ సోర్సు ఉన్నాయి, సోర్సు ప్లస్ కొస నోడ్ వైపు ఉంది. బయటి నుంచి 2 ఆంపియర్ల కరెంటు సోర్సు నోడ్‌లోకి నెడుతోంది. ‘ఐ’ ఎంత?

డిపెండెంట్ సోర్సును సున్నా చేయకూడదు. దాని విలువ మన చేతిలో లేదు, ‘ఐ’ చెప్పినట్లు వింటుంది. ‘ఐ’ ఉన్నంతసేపు అదీ ఉంటుంది. కనుక రెండు బొమ్మల్లోనూ దాన్ని ఉంచాలి. 12 వోల్టులు ఒక్కటే ఉంటే, లూపు చుట్టూ 12 = 4ఐ + 2ఐ + 2ఐ, అంటే 1.5 ఆంపియర్లు. 2 ఆంపియర్లు ఒక్కటే ఉంటే, నోడ్ వోల్టేజి మైనస్ 4ఐ, రెండో బ్రాంచిలో కరెంటు మైనస్ 3ఐ. అది ఐ + 2కు సమానం కనుక ‘ఐ’ మైనస్ 0.5. మొత్తం 1 ఆంపియర్. సరిచూస్తే నోడ్ వోల్టేజి 8, అందులోంచి 2 తీసి 2తో భాగిస్తే 3, అది 1 + 2. డిపెండెంట్ సోర్సును కూడా తీగగా మార్చేసినవారికి 1.33 వస్తుంది, ఆ అంకె కనబడితే తప్పు ఎక్కడుందో వెతకనక్కరలేదు.

నిజం చెప్పాలంటే ఇలాంటి లెక్కను నేను సూపర్‌పొజిషన్‌తో చేయను. నోడ్ దగ్గర ఒక్క సమీకరణం రాస్తే రెండు గీతల్లో తేలిపోతుంది. ఇంత చిన్న సర్క్యూట్‌కు రెండు బొమ్మలు గీయడం పేపరులో పద్ధతి పేరు చెప్పి అడిగినప్పుడు మాత్రమే. అయితే ఈ పద్ధతి వల్ల చేతికి వచ్చేది ఇంకొకటి ఉంది. వోల్టేజి సోర్సు వంతు దాని విలువలో ఎనిమిదో భాగం, కరెంటు సోర్సు వంతు దాని విలువలో నాలుగో భాగం, మైనస్ గుర్తుతో. 12ను 20 చేస్తే మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు, 2.5 నుంచి 0.5 తీస్తే 2. వోల్టేజి సోర్సు రెట్టింపైతే దాని వంతు ఒక్కటే రెట్టింపవుతుంది. ఈ సంగతిని 1853లోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ జంతువుల కండరాల్లో పుట్టే విద్యుత్తును గురించిన వ్యాసంలో వాడుకున్నారు. 1883లో థెవెనిన్ పేరు మీద స్థిరపడిన సిద్ధాంతం కూడా ఆ వ్యాసంలోనే ఉంది, వచ్చే పాఠం దాని మీదే.

అభ్యాసానికి ఒకటే లెక్క ఇస్తాను, దానికి ఒక సాయంత్రం పడుతుంది. మొదటి సర్క్యూట్‌నే తీసుకుని, పై నోడ్‌కు 12 ఓమ్‌ల గుండా 24 వోల్టుల సోర్సు ఒకటి కొత్తగా కలపండి. నోడ్ వోల్టేజిలో మూడు సోర్సుల వంతులూ విడివిడిగా రాయండి. మొత్తం 19 వోల్టులు రావాలి. రాకపోతే ముందుకు వెళ్లవద్దు. ఆ పైన రెసిస్టర్లలో అసలు మొత్తం పవర్ 82.5 వాట్లని చూపండి. రెండు వోల్టేజి సోర్సులను ఒక జట్టుగా, కరెంటు సోర్సును రెండో జట్టుగా విడదీసి మొత్తాలు కలిపితే మళ్లీ 82.5 వస్తుందని, మూడింటినీ వేరువేరుగా తీసి కలిపితే 102.5 వస్తుందని లెక్క కట్టండి. చివరగా, ఆ ఎక్కువ వచ్చిన 20 వాట్లు ఏ రెండు సోర్సుల మధ్య లబ్ధపు పదమో, మూడు రెసిస్టర్లలో దాని వాటాలు ఏ గుర్తులతో ఎంతెంతో పట్టికగా వేసి పంపండి. బొమ్మలు చేత్తోనే గీయండి. బాణాలు మాత్రం మొదటి బొమ్మలోనివే.