చెట్టు దగ్గర కూర్చోవడం ఎలా

అమ్మ చనిపోయిన ఏడాది నాకు నిద్ర పట్టేది కాదు. తెల్లవారకముందే లేచి, ఇంటికి నాలుగు నిమిషాల దూరంలో ఉన్న కానుగ చెట్టు కింద కూర్చునేదాన్ని. ఆరేళ్ళయింది, ఇప్పటికీ వెళ్తున్నాను. ప్రకృతికి దగ్గరవ్వాలని ఊళ్ళూ కొండలూ తిరిగేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే: చోటు మార్చకండి. మనుషులతో చనువు పెరిగినట్టే చెట్టుతోనూ రాకపోకల వల్లే పెరుగుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు అందం చూడకండి, దూరం చూడండి. ఐదు నిమిషాల్లో చేరేలా లేకపోతే ముసురు పట్టిన రోజు మానేస్తారు. గోడ పక్క పొద అయినా చాలు. ఫోన్ ఇంట్లో వదిలేయండి. జేబులో ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది.

మొదటి పది నిమిషాలే కష్టం. మీ అలికిడికి పిట్టలు ఊరుకుంటాయి, మీ బుర్రలో మాత్రం నిన్నటి మాటలు తిరుగుతుంటాయి. లేచిపోకండి. ధ్యానం చెయ్యాలని చూడకండి, శ్వాస లెక్కపెట్టకండి. కళ్ళు తెరిచి, చూపును దాని ఇష్టానికి వదిలేయండి. కదిలే ఆకు, జరిగే నీడ మన దృష్టిని లాక్కోవు, మెల్లగా నిలుపుకుంటాయి. పనిలో బలవంతంగా నిలిపే ఏకాగ్రత అలిసిపోతే, తేరుకునేది ఇలాంటి చోటే అని రేచెల్ కప్లాన్, స్టీఫెన్ కప్లాన్ అనే మనస్తత్వవేత్తలు 1989లో వివరించారు. కాసేపటికి ఉడుత మళ్ళీ కొమ్మ దిగుతుంది. నేను ఆ దిగడం కోసమే కూర్చుంటాను.

లేచే ముందు నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. ‘ప్రశాంతంగా ఉంది’ అని మాత్రం వద్దు. అది మీ సంగతి, చెట్టుది కాదు. ‘కింది కొమ్మ ఆకుల మీద తెల్లటి మెలికల గీతలు’ అని రాయండి. ఆ గీతల్ని మూడేళ్ళపాటు ఏదో తెగులనుకున్నాను. ఆకు పొరల మధ్య తింటూ పోయే చిన్న పురుగు దారి అది. సన్నగా మొదలై పోనుపోను వెడల్పవుతుంది, పురుగు పెరిగిన కొద్దీ.

ఎంతసేపు అంటారా? ఇంగ్లండ్‌లో సుమారు 20,000 మంది మీద చేసి 2019లో అచ్చువేసిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు ఆరుబయట పచ్చదనంలో గడిపినవాళ్ళలో, అసలు గడపనివాళ్ళతో పోలిస్తే, ఎక్కువమంది తమ ఆరోగ్యం బాగుందన్నారు. ఒకేసారి గడిపినా విడతలుగా గడిపినా తేడా లేదు. ఒంట్లో బాగున్నవాళ్ళే ఎక్కువగా బయటికి వెళ్తారేమో కూడా, కాబట్టి దీన్ని మందు మోతాదులా పట్టుకోకండి. నేను రోజుకు ఇరవై నిమిషాలు కూర్చుంటాను.

రెండో ఏడాది దారివైపు పెద్ద కొమ్మను కొట్టేశారు. వారంపాటు అటు వెళ్ళలేకపోయాను. మనం ఉన్నచోటే ఉండగా ఆ చోటు మారిపోతుంటే కలిగే దిగులుకు ఆస్ట్రేలియా తత్వవేత్త గ్లెన్ ఆల్బ్రెక్ట్ ‘సోలస్టాల్జియా’ అని పేరు పెట్టాడు. మనసు గాయాన్నీ నేల గాయాన్నీ విడదీయకూడదనే ఎకోసైకాలజీ, 1992లో థియోడర్ రోజాక్ అనే రచయిత పేరు పెట్టి చెప్పిన ఆ ఆలోచన, నాకు ఒంటబట్టింది అప్పుడే. మీకూ అలాంటి రోజు వస్తే మానకుండా వెళ్ళండి, నరికిన చోటు చూడండి, చూసింది రాయండి. నేను రాసుకున్నది: ‘ఇప్పుడు ఎండ నా మోకాళ్ళ దాకా వస్తోంది.’

బయటికి వెళ్ళలేనివాళ్ళకు కిటికీ ఉంది. పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులను రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు పోల్చి చూసి 1984లో ప్రకటించాడు: కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్ళు, ఇటుక గోడ కనబడినవాళ్ళకంటే ముందే ఇంటికి వెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. అమ్మ మంచం ఆఖరి నాలుగు నెలలూ గోడ వైపే ఉండిపోయింది. కిటికీ ఆమె తల వెనక ఉండేది. మీ ఇంట్లో మంచాన ఉన్నవాళ్ళుంటే, ఈ రోజే మంచం తిప్పండి.